ప్రయోగశాలకు కావలి యెవరు?



నేను టెక్కలి ప్రాంతమునందు ముప్పది రెండేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి, ఇపుడు విశ్రాంతి గొనుచున్న బడిపంతులను. వైద్యుడను కాను. రసాయనశాస్త్రము చదివినవాడను కాను. బాల్యమున అమరమును, కొన్ని కావ్యములను, పిమ్మట కొంత తర్కమును గురుముఖమున చదువుకొంటిని. అట్టివాడు ప్రయోగశాలలను గూర్చి మాటలాడ సాహసించుట యేల యని మీకు తోపవచ్చును. కారణము చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్దానమునందలి మా పెద్దమ్మగారి యింట నేనుండగా ఇద్దరు యువకులు జీపులో ఆ యూరికి వచ్చిరి. నూతినీటిని, బోరునీటిని సీసాలలో పట్టిరి. పదిమంది రైతులయొద్ద నెత్తురు తీసికొనిరి. సీసాలకు చీటీలంటించి, చీటీలపై అంకెలు వేసిరి. మా పెద్దమ్మ అరుగుమీద కూర్చుండి యిదంతయు చూచి, "బాబూ, మా నీళ్లలో ఏటున్నాదో మాకెప్పుడు సెప్తారు?" అని యడిగినది. "కబురు చేస్తామమ్మా" అని వారు మర్యాదగనే చెప్పి పోయిరి. కబురు రాలేదు. మఱుసటి యేడు వేఱొకరు వచ్చి మరల సీసాలు నింపుకొని పోయిరి. ఆ కబురు వినకయే మా పెద్దమ్మ కాలము చేసినది.

ఆ సీసాలు ఎచటికి పోయినవి? అచట వానిని పరీక్షించినవారెవరు? ఆ పరీక్షించువారిని పరీక్షించువారెవరు? ఈ మూడు ప్రశ్నలు నన్ను విడువలేదు. వానికి సమాధానము వెదకుచు పాతగ్రంథములు తిరుగవేయగా, నూట యిరువది సంవత్సరములకు పూర్వము మన దేశముననే జరిగిన యొక వ్యవహారము నా కంటబడినది. దానిని మీకు చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ముందుగా ప్రయోగశాల యనగా నేమో విచారింతము. కంటికి కానరానిదానిని చూచుటకు మనుష్యుడు కట్టుకొన్న మఱియొక కన్ను అది. నీటిలోని విషమును, నెత్తురులోని దోషమును మన కన్ను చూడలేదు. అది చూచి చెప్పును. కాని తర్కశాస్త్రము చదివినవారు ఒక దృష్టాంతము చెప్పుదురు. కామెర్ల రోగికి తెల్లని శంఖము పచ్చగా తోచును. దోషము శంఖమునందు లేదు, కంటియందున్నది. కావున కన్ను చెప్పినదెల్ల ప్రమాణము కాదు. దోషములేని కన్ను చెప్పినదే ప్రమాణము. ప్రయోగశాల విషయము కూడ నిట్టిదే. ఆ కన్నును అపుడపుడు పరీక్షించు బాధ్యత ఎవరిది? దానికి ధనమిచ్చి నిలుపుచున్న ప్రభుత్వముది. ఆ పరీక్ష యెట్లు చేయవలెననునదే చిక్కు.

మన ప్రాంతమునకు ప్రయోగశాల యనునది నేటి క్రొత్తవింత కాదు. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్రమేర్పడువఱకు మన టెక్కలి గంజాము జిల్లాలోనిది. పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా ఇందు కలిసినది. ఆనాడు మనమందఱము మదరాసు రాజధానివారము. ఆ రాజధానియంతటికి మశూచి టీకామందు చేయుటకై 1899లో మదరాసు సమీపమున గిండీయందొక సంస్థను నెలకొల్పిరి. అప్పటి ఆరోగ్యశాఖాధిపతియగు కింగు దొరగారి పేర దానికి కింగు ఇన్‌స్టిట్యూటు అని పేరు వచ్చినది. మన తాతముత్తాతల భుజములపై టీకామచ్చలకును అట్టి ప్రయోగశాలలకును సంబంధము కలదు. పూరీ జగన్నాథుని యాత్రకు పోవు జనము మన యిచ్ఛాపురము బాటనే పోయెడివారు. ఆ జనముతోడనే వాంతిభేదియు నడచి వచ్చెడిది. కాబట్టి టీకాయన్నను, పరీక్షయన్నను మన యూళ్లకు వెఱపును తెలియును, అవసరమును తెలియును.

నేను చెప్పదలచిన వ్యవహారము మాత్రము మదరాసుది కాదు, బొంబాయిది. 1896వ సంవత్సరమున బొంబాయి నగరమునందు ప్లేగు మహామారి పుట్టినది. అప్పటికి మన దేశమున వాంతిభేదికి టీకాలు వేయుచున్న హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుని ప్రభుత్వమువారు బొంబాయికి పిలిపించిరి. ఆయన 1860లో రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా నగరమున పుట్టిన యూదుడు. పారిసులోని పాస్టరు పండితుని సంస్థలో పనిచేసినవాడు. ఇంగ్లీషువాడు కాడు, ఇచటి సైన్యవైద్యశాఖవాడును కాడు. ఈ మాట గుర్తుంచుకొనుడు.

ఆయనకు బొంబాయి వైద్యకళాశాలలో చిన్న స్థలమొకటి చూపిరి. అచటనే రేయింబవళ్లు శ్రమించి, మూడు నెలలలో ప్లేగు టీకామందు సిద్ధపఱచెను. 1897 జనవరి 10వ తేదీన దానిని ముందుగా తన శరీరముననే యెక్కించుకొనెను. జ్వరము వచ్చినది, నొప్పి వచ్చినది, తగ్గినది. అటుపిమ్మటనే ఇతరులకు వేయుటకు పూనుకొనెను. జనులు సూదియన్న భయపడుచుండగా, ఆగాఖాను గారు తమ యనుచరులకు ధైర్యము కలుగుటకై పలుమార్లు ఆ టీకా వేయించుకొనిరి. పెద్దలు ముందు నడచిన చిన్నలు వెనుక నడతురని వేఱుగ చెప్పనక్కఱలేదు.

1899 ఆగస్టునందు పరేలులోని పాత గవర్నరు భవనము ప్లేగు ప్రయోగశాలకు ఒసగబడినది. హాఫ్‌కిన్ దాని యధిపతి. భవనము సర్కారుది, ధనము సర్కారుది, నౌకరులు సర్కారువారు. మందు ఎంత చేయవలెనో, ఎచటికి పంపవలెనో నిర్ణయించునదియు సర్కారే. 1902లో పంజాబు దేశమునందు ప్లేగు ప్రబలగా, అచటి ప్రభుత్వము ఊరూరను టీకాలు వేయింప సంకల్పించి అపారమైన మందు కావలెనని కోరెను. కొద్దిరోజులలో అంత మందు చేయవలెనన్న పాతపద్ధతి చాలదు. అంతకుముందు మందులో క్రిములు చేరకుండ కార్బాలిక్ ఆమ్లము కలుపుచుండిరి. హాఫ్‌కిన్ దానిని మాని, వేడిచే శుద్ధిచేయు పద్ధతి నవలంబించెను. అది పారిసు పండితులెఱిగిన పద్ధతియే.

1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని మల్కోవాల్ అను గ్రామమున 107 మందికి టీకాలు వేసిరి. అయిదు సీసాల మందు వాడిరి. నాలుగు సీసాల మందు పుచ్చుకొన్నవారికి ఏ యాపదయు రాలేదు. అయిదవ సీసా మందు పుచ్చుకొన్న 19 మందికి కొన్నిదినములలో దవడలు బిగుసుకొని, శరీరము వింటివలె వంగి, ధనుర్వాతము వచ్చినది. పందొమ్మండుగురును మరణించిరి. ఒక గ్రామములో పందొమ్మిది యిండ్లకు ఒక్కమాటు చావు వచ్చిన నెట్లుండునో, ప్లేగునుండి రక్షించుటకు వచ్చిన మందే చంపినదన్న నెట్లుండునో మీరే యూహింపుడు.

విచారణ జరుగవలసినదే. అందు సందేహము లేదు. పందొమ్మండుగురు చచ్చిన పిమ్మట "శాస్త్రజ్ఞుడు గొప్పవాడు, ఆయన నడుగరాదు" అను ప్రభుత్వము ప్రభుత్వమే కాదు. బొంబాయి ప్రధానన్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ గారి యాధిపత్యమున ఒక సంఘము నియమింపబడినది. ఆ సంఘము, మందు సీసా తెఱువకమునుపే, అనగా ప్రయోగశాలలోనే చెడినదని తలచెను. కార్బాలిక్ ఆమ్లము మానివేయుట ప్రమాదహేతువనెను. లండనులోని లిస్టరు సంస్థవారును ఆ యభిప్రాయమునే బలపఱచిరి. హాఫ్‌కిన్ ఆధిపత్యము పోయినది. 1904లో ఆయన ఇండియా విడిచి పోయెను.

ఇప్పుడు తార్కికుని కన్నుతో చూడుడు. తాటిపండు రాలుటయు కాకి వచ్చి వ్రాలుటయు ఒక్కసారి జరిగినంతమాత్రమున కాకి పండును రాల్చినదనుట కాకతాళీయము. ఆమ్లము మానిరి, జనులు చచ్చిరి. కావున ఆమ్లము మానుటచేతనే చచ్చిరనుట అట్టిదే. విచారణ కాగితములలోనే మఱియొక సాక్ష్యమున్నది. ఆనాడు మల్కోవాలులో సీసా బిరడా తీయు పట్టుకారు నేలపై పడినది. దానిని నిప్పున కాల్చకయే మందునీటిలో ముంచి తీసి మరల వాడిరి. ధనుర్వాతక్రిమి నివాసము మట్టియే. ఇంకొక సంగతి. ఆ క్రిమి సీసాలో బహుదినములు పెరిగియున్నచో బిరడా తీయగనే దుర్గంధము కొట్టవలెను. తెఱచిన వైద్యుడు అట్టి దుర్గంధము లేదనెను. ఈ రెండు సంగతులును కలిపి చూచినచో దోషము బొంబాయి ప్రయోగశాలలో కంటె మల్కోవాలు నేలమీదనే యున్నట్లు తోచును.

మఱి యీ సాక్ష్యము ఏల పనికిరాలేదు? కాగితములు మూసియుండుటచేత. విచారణ వ్రాతలు చాలకాలము లోకమునకు వెల్లడికాలేదు. 1906 తుదిభాగమున అవి ప్రకటింపబడినవి. అంతట ఇతర శాస్త్రజ్ఞులు చదివి ఆశ్చర్యపడిరి. వారిలో ముఖ్యుడు రోనాల్డ్ రాస్. ఆయన మన తెలుగునేలకు పరిచితుడే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో దోమ కడుపునందు చలిజ్వరపు క్రిమిని కనుగొన్నవాడాయనయే. రాస్ గారును, మఱికొందఱు ప్రసిద్ధ పండితులును 1907లో లండను టైమ్సు పత్రికలో తమ పేళ్లు వ్రాసి, హాఫ్‌కిన్‌పై మోపిన నేరము నిలువదనిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఆయనకు మరల ఉద్యోగమిచ్చినది. కాని బొంబాయి ప్రయోగశాల ఆధిపత్యము మాత్రము ఆయనకు తిరిగి దక్కలేదు. కలకత్తాలో కొన్నియేండ్లు పనిచేసి, 1914లో విరమించి పోయెను. 1925లో ఆ బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి. 1930లో ఆయన స్విట్జర్లాండులో మరణించెను.

ఒక మనుష్యునికి అన్యాయము జరిగినది, అది విచారమే. కాని మనవంటి గ్రామస్థులకు అంతకంటె పెద్ద నష్టమొకటి యున్నది. మల్కోవాలు వార్త పంజాబు గ్రామములలో ప్రాకినపిమ్మట జనులు టీకాసూదిని చూచి పాఱిపోయిరి. మహాప్రయత్నముతో మొదలిడిన పని కుంటువడినది. ప్లేగు మాత్రము ఆగలేదు. 1907వ సంవత్సరము నొక్కదాననే పంజాబులో ఆఱు లక్షలకు పైగా జనులు ప్లేగుచే చచ్చిరి. ఆ చావులన్నియు ఒక సీసావలన వచ్చినవని నేననను. అట్లనుట మరల కాకతాళీయమే యగును. కాని నాలుగేండ్లవఱకు నిజము మూసియుంచినచో నమ్మకము కూడ ఆ మూతక్రిందనే చచ్చునని మాత్రము చెప్పవచ్చును.

ఈ వ్యవహారమున ప్రభుత్వము చేసిన తప్పు విచారణ చేయుట కాదు. దాని తప్పులు మూడు. మొదటిది: త్వరత్వరగా అపారమైన మందు కావలెనని తొందరపెట్టినవారు తమ తొందరను విచారణలో లెక్కింపలేదు. రెండవది: ప్రయోగశాలనుండి రోగి భుజమువఱకు మందు పదిచేతులు మారును, ఆ పదిచేతులలో మొదటిచేతినే పట్టుకొని, తుదిచేతిని తగినంతగా పరికింపలేదు. నేరము మోయుటకు పరాయివాడొకడు దొరికెను. ఎద్దు ఈనినదనగా దూడను గాటను కట్టుమన్నట్లయినది. మూడవది, అన్నిటికంటె పెద్దది: కాగితములు మూసియుంచిరి. కావలివాడు చీకటిలో నిలిచినచో దొంగ యెవడో, దొర యెవడో తెలియుట యెట్లు?

ఇక మన యుద్దానమునకు వత్తము. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరితోటల నీడను, జీడితోటల నీడను బ్రతుకు జనమును మూత్రపిండవ్యాధి పీడించుచున్నది. చక్కెరవ్యాధి లేనివానికిని, రక్తపుపోటు లేనివానికిని అది వచ్చుచున్నది. నీరా, నేలలోని ఖనిజమా, పురుగుమందా, ఎండలో నీరు త్రాగక పాటుపడుటయా, నొప్పిబిళ్లలా, వంశమా యని పలువురు పండితులు పలువిధముల శంకించిరి. సింహళమునందును, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడారు దేశములందును రైతుకూలీలకు ఇట్టి వ్యాధియే వచ్చుచున్నది. హేతువు నేటివఱకు తేలలేదు. అక్షరము రాని మన ముసలివారు సైతము "నా క్రియాటినిన్ ఇంత" యని వేళ్లమీద చెప్పుకొనుచున్నారు. ప్రయోగశాల అంకె మన రచ్చబండ మాటయైనది. ఆ యంకెను బట్టి ఇల్లు నిలుచును, ఆ యంకెను బట్టి భూమి అమ్ముడుపోవును. అది సరియైన యంకెయా కాదా యనునది మనకు ప్రాణసమస్య.

2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును, 200 పడకల వైద్యశాలయు ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానమునకు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభమైనది. ఒకనాడు గిండీలోను, పరేలులోను ఉండిన కన్ను నేడు మన పలాసలో తెఱచుకొన్నది. సంతోషింపవలసినదే. కాని సంతోషముతో మన పని తీరిపోలేదు. ఆ కన్నును శుభ్రముగా నుంచు బాధ్యతలో మనకును పాలున్నది.

ఆ పాలెట్టిది? మనము ప్రయోగశాలలో దూరి గాజుగొట్టములను తనిఖీ చేయలేము. అది నేర్చినవారు చేయవలెను. ఎన్.ఏ.బి.ఎల్. అను జాతీయసంస్థ ప్రయోగశాలల పద్ధతులను పరీక్షించి యోగ్యమైనవానికి గుర్తింపు నిచ్చుచున్నది. పరీక్ష చేయించుకొనుచోట ఆ గుర్తింపు కలదా యని మనమడుగవచ్చును. అడుగుట అపరాధము కాదు. నెత్తురు తీయుటకుముందు ఎందుకు తీయుచున్నారో మన భాషలో చెప్పి సమ్మతి గొనవలెనని భారత వైద్యపరిశోధనమండలి 2017లో ప్రకటించిన నీతిసూత్రములు చెప్పుచున్నవి. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము సర్కారు కాగితమును చూచు హక్కు సామాన్యునికి ఇచ్చినది. హాఫ్‌కిన్ కాలమున అట్టి చట్టమున్నచో విచారణ కాగితములు అన్నియేండ్లు మూసియుండునా?

పెద్దలారా, మీకొక చిన్న మనవి. మీ పంచాయతీ కార్యాలయములో ఒక నోటుపుస్తకము పెట్టించుడు. ఊరికి ఎవరు వచ్చి నీరు పట్టినను, నెత్తురు తీసినను, అందు నాలుగు సంగతులు వ్రాయించుడు: తేదీ, వచ్చినవారి కార్యాలయము, ఏ నుయ్యి లేక ఏ బోరు, సీసామీది అంకె. అయిదవ గడిని ఖాళీగా ఉంచుడు. అది ఫలితమునకు. ఆ గడి నిండువఱకు ప్రతి గ్రామసభలోను మర్యాదగా, కోపము లేక, కాని మానక అడుగుడు. ఫలితము వచ్చినపుడు దానిని తెలుగులో గోడపై వ్రాయించుడు. నీరు మంచిదైన మంచిదని, చెడ్డదైన చెడ్డదని, ఇంకను తేలనిచో తేలలేదని వ్రాయించుడు. "తేలలేదు" అనుటలో అవమానము లేదు, చెప్పకపోవుటలోనే యున్నది.

ఇంకొక మాట. పొరపాటు జరిగినపుడు మొదట కనబడిన వానిని కొట్టుటకు పోవలదు. సూది వేసిన నర్సమ్మను, నెత్తురు తీసిన కుఱ్ఱవానిని నిందించినంతనే నిజము తేలదు. సీసా యెచట నిండినది, ఎట్లు నడచినది, ఎవరు తెఱచిరి, ఎవరు తొందరపెట్టిరి యని అన్ని చేతులను అడుగుడు. అట్లే, ఒక పొరపాటు జరిగినదని టీకాలనే, పరీక్షలనే వదలివేయుడని చెప్పువారి మాటయు వినవలదు. పంజాబు గ్రామములు సూదిని వదలిపెట్టినవి గాని ప్లేగు వారిని వదలిపెట్టలేదు.

ప్రయోగశాలకు కావలి యెవరు అని మొదట నడిగితిని. ప్రభుత్వము కావలి, నిజమే. కాని ఆ కావలికి వెలుగు కావలెను. ఆ వెలుగు తెఱచిన కాగితము. దానిని తెఱువుమని యడుగునది ఊరు. అరుగుమీద కూర్చుండి మా పెద్దమ్మ అడిగిన ప్రశ్న చదువురాని దాని ప్రశ్న కాదు. 1902లో మల్కోవాలు వారు అడుగవలసిన ప్రశ్న అదే, నేడు మనము అడుగవలసిన ప్రశ్నయు అదే. ఆమెకు దొరకని సమాధానము ఆమె మనుమలకైనను దొరకునట్లు మీరందఱు పూనుకొందురని కోరుచున్నాను.